పలక మీది గోండి, ఫోనులోని గోండి



ఈ సంచికకు చరిత్ర వ్యాసం రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు జోడేఘాట్ గురించి రాద్దామా, ఇంద్రవెల్లి గురించి రాద్దామా అని ఆలోచించాను. వాటి గురించి నాకన్నా బాగా రాయగలవాళ్ళు మనలో ఉన్నారు. నేను గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్‌ని, టీచర్ ట్రైనింగ్ చదివినదాన్ని. నాకు దగ్గరగా తెలిసినది పాఠాల చరిత్ర. మన పిల్లలకు పాఠం ఎవరు తయారుచేశారు, ఏ భాషలో చెప్పారు, ఏ లిపిలో రాశారు, అది ఎన్నాళ్ళు నిలిచింది అన్నదే నేను చెప్పగలిగిన చరిత్ర.

ఇది గుర్తుకు రావడానికి కారణం ఒక చిన్న పని. కొన్నేళ్ళ క్రితం మా హాస్టల్ అమ్మాయిలతో కలిసి మన చరిత్ర మీద ఒక ఇ-లెర్నింగ్ కోర్సు తయారుచేశాను. ఎనిమిది పాఠాలు. ఫోనులో వినవచ్చు, బొమ్మలు చూడవచ్చు, చివర ప్రశ్నలకు జవాబు చెప్పవచ్చు. అందులో కొంత బాగా వచ్చింది. ఒక పెద్ద నష్టం కూడా జరిగింది. రెండూ చెబుతాను. రేపు ఈ పని చేయాల్సింది మీరే కాబట్టి నా తప్పులు మీకు ముందే తెలియడం మంచిది.

హాస్టల్ మూతపడిన రోజులు

2020 మార్చిలో బడులు, హాస్టళ్ళు మూసేశారు. పిల్లలు పెట్టెలు సర్దుకుని ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టి-సాట్ ఛానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. పాఠాలు బాగానే ఉండేవి. అయితే వాటిని చూడటానికి టీవీ ఉండాలి, కరెంటు ఉండాలి, ఆ గంటలో పిల్ల ఇంట్లో ఉండాలి. మా అమ్మాయిల్లో చాలామంది ఆ గంటలో పత్తి చేనులో ఉన్నారు. ఫోన్ చేస్తే, "మేడం, గుట్ట మీదికొచ్చి మాట్లాడుతున్న, కింద సిగ్నల్ లేదు" అనేవాళ్ళు.

తెర మీద పాఠం మన ప్రాంతాలకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు మన దేశంలో సైట్ అనే ప్రయోగం జరిగింది. ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందించారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ప్రసారాల్లో తెలుగు ఉంది. తరువాత మన టీవీ వచ్చింది. 2004లో చదువు కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని పంపారు. తెర పెద్దదైనా చిన్నదైనా, ఇవన్నీ పైనుంచి కిందికి వచ్చిన పాఠాలే. ఒకచోట తయారై అందరికీ చేరేవి. తెలుగు రాని ఇంట్లో, గోండి మాట్లాడే అవ్వ పక్కన కూర్చుని ఒక పిల్ల ఆ పాఠాన్ని ఎలా వింటుందన్న లెక్క వాటిలో ఉండేది కాదు.

ఆ రోజుల్లోనే మాకు ఆన్‌లైన్‌లో ఒక శిక్షణ పెట్టారు. డిజిటల్ పాఠాలు ఎలా తయారుచేయాలో నేర్పి, చివర ప్రతి ఒక్కరూ ఒక చిన్న కోర్సు చేసి చూపించాలన్నారు. అందరూ గణితం, సైన్సు, ఇంగ్లీషు ఎంచుకున్నారు. నేను "మన చరిత్ర" అని రాసిచ్చాను. ఎంత సులభంగా రాసిచ్చానో తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

మొదటి నమూనా ఎందుకు ఓడింది

శిక్షణలో అయిదు మెట్లు చెప్పారు. నేర్చుకునేవాళ్ళ అవసరం తెలుసుకోవడం, పాఠం రూపం గీసుకోవడం, తయారుచేయడం, పిల్లల ముందు పెట్టడం, ఫలితం చూసి దిద్దుకోవడం. ఈ క్రమాన్ని 1975లో అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీవారు అక్కడి సైన్యం శిక్షణ కోసం కూర్చారు. మంచి క్రమమే. అయితే నేను మొదటి మెట్టు దాటేసి రెండో మెట్టు ఎక్కాను. మా అమ్మాయిల అవసరం నాకు తెలియదా, రోజూ వాళ్ళతోనే ఉంటాను కదా అనుకున్నాను.

పుస్తకాల్లోంచి విషయం తీసి ఇరవై స్లయిడ్లు చేశాను. గోండ్వానా రాజ్యాలు, చాందా కోట, 1751లో నాగపూర్ భోంస్లేలు చాందాను కలుపుకోవడం, జోడేఘాట్ పోరాటం, భూ చట్టాలు అన్నీ వరసగా పెట్టాను. చివర పది ప్రశ్నలు, ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులు. హాస్టల్ మళ్ళీ తెరిచాక ఆరో తరగతి అమ్మాయికి ఇచ్చి చూశాను. పది నిమిషాల్లో అయిపోగొట్టి, "పదికి తొమ్మిది వచ్చినయి మేడం" అంది. నాకు సంతోషం వేసింది. మర్నాడు పొద్దున రాగిజావ పోస్తూ, "చాందా ఎక్కడుంది?" అని అడిగాను. "ఆకాశంల" అంది.

తప్పు ఆ అమ్మాయిది కాదు. చందమామ తెలిసిన పిల్లకు చాందా కోట తెలియదు. చాందా అంటే ఈనాటి చంద్రపూర్ అనీ, వాళ్ళ మేనమామలు పెళ్ళి సంబంధాలు కలుపుకునే దిక్కే అదనీ నా స్లయిడ్ చెప్పలేదు. తొమ్మిది జవాబులు ఎలా వచ్చాయని అడిగితే, "పొడుగ్గ ఉన్నదే కరెక్టు ఉంటది మేడం" అంది. సరైన జవాబును నేనే అన్నిటికన్నా పొడవుగా రాశాను! పిల్ల చరిత్ర నేర్చుకోలేదు, నన్ను చదివేసింది.

1943, మార్లవాయి

ఆ రాత్రి నాకు మార్లవాయి గుర్తుకొచ్చింది. జైనూరు మండలంలోని ఆ ఊరిని మీలో చాలామంది చూసే ఉంటారు. ప్రతి జనవరిలో అక్కడ హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధుల దగ్గర మనవాళ్ళు కూడుతారు. బెట్టీ ఎలిజబెత్ 1987లో చనిపోతే అక్కడే సమాధి చేశారు. 1995లో లండన్‌లో చనిపోయిన హైమన్‌డార్ఫ్ అస్థికలను 2012లో తెచ్చి ఆమె పక్కన ఉంచారు. మనం దండలు వేస్తాం, ఫోటోలు దిగుతాం. అయితే మార్లవాయిలో అసలు జరిగింది ఒక పాఠ్యప్రణాళిక తయారీ అన్న సంగతి నాకు అంతవరకు తట్టలేదు.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం, ఆయన అనుచరులు నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి వచ్చింది. వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అప్పటికే హైదరాబాద్ రాజ్యంలో చెంచుల మధ్య పనిచేశాడు. ఆదిలాబాద్ వచ్చి మార్లవాయిలో మకాం పెట్టాడు. గోండి నేర్చుకున్నాడు. భూమి పట్టాలు లేకపోవడం, అడవి అధికారుల జులుం, వడ్డీ వ్యాపారుల మోసం ఇవన్నీ రాశాడు. చదువు రానివాడికి రసీదు మీద ఏముందో తెలియదు, కాబట్టి భూమి సమస్యలోనే చదువు సమస్య కూడా ఉందని గ్రహించాడు.

1943లో మార్లవాయిలో టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటికి చదువు వచ్చిన గోండులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. బయటినుంచి టీచర్లను తెస్తే వాళ్ళకు గోండి రాదు, అడవి ఊళ్ళలో నిలవరు. అందుకని గోండు యువకులకే ముందు అక్షరాలు నేర్పి, వాళ్ళనే టీచర్లుగా తయారుచేసి ఊళ్ళకు పంపారు. పాఠం గోండిలో చెప్పారు. వాచకాలు గోండిలో తయారుచేశారు. తరువాత వచ్చిన అధికారుల్లో సేతుమాధవరావు పగ్డి వంటివారు కూడా గోండి నేర్చుకుని పనిచేశారు.

ఇప్పుడు నా అయిదు మెట్లు పక్కన పెట్టి మార్లవాయిని చూడండి. ఎవరికి పాఠం? తెలుగు, ఉర్దూ రాని గోండు పిల్లకు. ఏ భాషలో? తల్లి భాషలో. ఎవరు చెబుతారు? ఆ ఊరివాడే. ఎందుకు? పట్టా చదవడానికి, మోసపోకుండా ఉండటానికి. ఒక్క స్లయిడ్ తయారుచేయక ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్నలన్నిటికీ వాళ్ళు 1943లోనే జవాబు చెప్పుకున్నారు. నేను ఒక్కదానికీ చెప్పుకోకుండా ఇరవై స్లయిడ్లు చేశాను.

లిపి దగ్గర జారిన అడుగు

మార్లవాయి వాచకాలు దేవనాగరి లిపిలో ఉన్నాయి. ఆ రోజుల లెక్కన అది సబబే. మన గోండులకు అప్పట్లో దగ్గరి భాష మరాఠీ. సంతలో, వ్యాపారిదగ్గర అదే నడిచేది. రాజభాష ఉర్దూ. దేవనాగరిలో గోండి చదివిన పిల్ల ఆ తరువాత మరాఠీ కూడా చదువుకోగలదని అనుకున్నారు.

1948లో నిజాం పాలన పోయింది. 1956లో ఆదిలాబాద్ జిల్లా ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. బడి భాష తెలుగు అయింది, కచేరీ భాష తెలుగు వైపు నడిచింది. దేవనాగరి వాచకాలకు చోటు లేకుండాపోయింది. లిపితోపాటు గోండి మాధ్యమం కూడా పోయింది. పథకాన్ని నడిపినవాళ్ళు వెళ్ళిపోయారు, దాన్ని నిలబెట్టుకునే పట్టు మన చేతికి రాలేదు.

మళ్ళీ 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాతృభాషలో చదువు మొదలైంది. గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో, 240 బడుల్లో. ఈసారి తెలుగు లిపి వాడారు. గోండి కథను తెలుగు అక్షరాల్లో చదవడం నాకు అప్పుడు వింతగా ఉండేది. మన మాట అచ్చులో చూడటమే మొదటిసారి.

ఇక మనకంటూ ఉన్న లిపులు. 1918లో మున్షీ మంగళ్‌సింగ్ మసారం ఒక లిపి తయారుచేశారు. అది మసారం గోండి. మన నార్నూరు మండలం గుంజాలలో పాత చేతిరాత ప్రతులు దొరికాయి. వాటిని హైదరాబాద్ విశ్వవిద్యాలయం తరఫున ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చింది. అది గుంజాల గోండి. మసారం గోండి 2017లో, గుంజాల గోండి 2018లో యూనికోడ్‌లో చేరాయి. అంటే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఒప్పుకున్న అక్షరాల పట్టికలో మన అక్షరాలకూ ఒక్కో సంఖ్య దొరికింది.

నేను ఉత్సాహంగా కోర్సు పేరు గుంజాల అక్షరాల్లో పెట్టాను. అమ్మాయిల పాత ఫోన్లలో వరసగా ఖాళీ డబ్బాలు కనిపించాయి. పట్టికలో సంఖ్య ఉంటే చాలదు, ఆ ఫోనులో ఆ ఫాంటు కూడా ఉండాలి. అప్పుడు అందరం కూర్చుని ఒక నిర్ణయం చేసుకున్నాం. కోర్సుకు ప్రాణం గొంతు. అవ్వలకు చదువు రాకపోయినా చెవులున్నాయి. చదవాల్సినచోట తెలుగు లిపి, ఎందుకంటే అమ్మాయిలందరికీ అది వచ్చు. ఎనిమిదో పాఠంలో గుంజాల అక్షరాలు, బొమ్మలుగా. బొమ్మ అయితే ఏ ఫోనులోనైనా కనిపిస్తుంది. ఆ బొమ్మలను చూసి అమ్మాయిలు నోటుబుక్కుల మీద పేర్లు రాసుకున్నారు. ఇప్పటికీ మా హాస్టల్లో పెట్టెల మీద ఆ అక్షరాలు కనిపిస్తాయి.

మెషీన్ విన్న గోండి

గొంతు రికార్డు చేయడానికి చోటు వెతికాం. గదుల్లో ప్రతిధ్వని, బయట కోళ్ళు, మోటారు. చివరికి మా స్టోర్ రూమ్ పనికొచ్చింది. చుట్టూ బియ్యం బస్తాలు ఉంటే శబ్దం మెత్తగా వస్తుంది. బస్తాల మధ్య నేల మీద కూర్చుని, ఫోనును ఉప్పు డబ్బా మీద ఆనించి పాఠాలు చెప్పారు మా అమ్మాయిలు.

ఒకరోజు పని తేలిక చేద్దామని, మాట్లాడితే తనంతట తానే అక్షరాలుగా మార్చే సౌకర్యాన్ని ఫోనులో వాడి చూశాం. దానికి గోండి తెలియదు, తెలుగు పెట్టాం. తొమ్మిదో తరగతి అమ్మాయి లెక్క చెప్పింది: ఉంది, రండ్, మూంద్. మెషీన్ "ఉంది, రండి, ముంది" అని రాసింది. మనకు 'ఉంది' అంటే ఒకటి. తెలుగులో 'ఉంది' వేరు. 'యేర్' అంటే మనకు నీళ్ళు, అది 'ఏరు' అని రాసింది. 'నార్' అంటే ఊరు, అది 'నార' అని రాసింది. పిల్లలు పడిపడి నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఆ మెషీన్‌కు మన గోండి తప్పుల తెలుగులా వినిపించింది. చిన్నప్పుడు మా బడిలో ఒక సారుకు కూడా అలాగే వినిపించేది. గోండిలో మాట్లాడితే బెంచీ ఎక్కించేవారు. దానికన్నా బాధ కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏళ్ళలో నేనూ అదే చేశాను. "హాస్టల్లో తెలుగులోనే మాట్లాడాలి, లేకపోతే పరీక్ష ఎట్లా రాస్తారు" అని గద్దించాను. రాత్రి లైట్లు ఆర్పాక అమ్మాయిలు గోండిలో గుసగుసలాడుకుంటుంటే తలుపు తట్టేదాన్ని. మంచికోసమే అనుకున్నాను. ఆ సారు కూడా మంచికోసమే అనుకుని ఉంటారు.

ఆరోజు బస్తాల మధ్య కూర్చుని ఈ మాట అమ్మాయిలతో చెప్పాను. ఒక్కరూ మాట్లాడలేదు. కాసేపటికి ఆ తొమ్మిదో తరగతి అమ్మాయే, "మేడం, మళ్ళ చెప్పాల్నా? ఈసారి మెషీన్ బంద్ చేద్దాం" అంది. మెషీన్ బంద్ చేశాం. అక్షరాలన్నీ చేతితోనే రాసుకున్నాం. తెలుగుకు దగ్గరగా వినిపించి వేరే అర్థం ఇచ్చే మాటలతోనే మొదటి పాఠం చేశాం. ఆ పాఠం పేరు "ఉంది అంటే ఒకటి". పిల్లలందరికీ ఎక్కువ నచ్చినది అదే.

సరైన జవాబు ఎవరిది

ఇ-లెర్నింగ్‌లో ప్రశ్నలు తప్పవు. నాలుగు జవాబుల్లో ఒకదాన్ని ముందే "సరైనది" అని గుర్తుపెట్టాలి. చరిత్ర పాఠంలో చిక్కంతా అక్కడే ఉంది.

కుమ్రం భీం ఏ రోజు అమరుడయ్యారు? పుస్తకాల్లో తేదీలు ఒకదానితో ఒకటి కలవవు. మన జనం మాత్రం ఏటా ఆశ్వయుజ పౌర్ణమినాడు జోడేఘాట్ వెళ్తారు. మనకు గుర్తున్నది వెన్నెల, తేదీ కాదు. ఆయన పేరునే కొమరం, కొమురం, కుమురం, కుమ్రం అని నాలుగు రకాలుగా రాస్తున్నారు. కుమ్ర మన ఇంటిపేరు. తేదీ మీద ప్రశ్న తీసేసి, "జోడేఘాట్‌లో వర్ధంతిని తేదీ ప్రకారం కాక తిథి ప్రకారం ఎందుకు జరుపుతారు? ఇంట్లో పెద్దలను అడిగి చెప్పు" అని పెట్టాం. దానికి మార్కులు లేవు. గొంతు రికార్డు చేసి పంపాలి. ఇరవైమందికి పైగా పంపారు. ఒక అమ్మాయి వాళ్ళ నాయనమ్మ, "ఆ కాలంల క్యాలెండర్ ఎవరింట్ల ఉండె బిడ్డా, చంద్రుడు అందరింట్ల ఉండె" అంది.

ఇంద్రవెల్లి పాఠం మొదటి ప్రణాళికలో లేదు. నేనే పెట్టలేదు. ప్రభుత్వ ఉద్యోగిని, ఎందుకొచ్చిన తలనొప్పి అనుకున్నాను. పాఠాల పట్టిక గోడకు అంటించిన రోజు ఎనిమిదో తరగతి అమ్మాయి దాని ముందు చాలాసేపు నిలబడి, "1940 తర్వాత లిపే ఉందా మేడం? 1981 లేదా? మా తాత గక్కడనే పోయిండంట" అంది.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి హక్కుల కోసం సభ పెట్టుకున్న ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవారు 13 మంది. మన ఊళ్ళలో చెప్పుకునే లెక్క దానికి ఎన్నో రెట్లు. నాలుగు జవాబుల ప్రశ్నలో ఏ అంకె సరైనదని గుర్తుపెట్టాలి? 13 పెడితే ఆ అమ్మాయి తాత ఆ లెక్కలో ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఊరి అంకె పెడితే దానికి కాగితం లేదు.

చివరికి రెండు లెక్కలూ పక్కపక్కనే పెట్టాం. దేని ఆధారం ఏమిటో రాశాం. కింద ఒకే ప్రశ్న: "ఈ రెండు లెక్కలు ఎందుకు వేరుగా ఉన్నాయి?" భయం వల్ల శవాన్ని చూపించనివాళ్ళు, అడవిదారిన ఇంటికి వెళ్ళి చనిపోయినవాళ్ళు, పేరు రాయించుకునే చదువు లేనివాళ్ళు అని పిల్లలే కారణాలు ఊహించి చర్చించారు. ఊహను ఊహ అనే రాయమన్నాను, విన్నదాన్ని ఎవరిదగ్గర విన్నారో రాయమన్నాను. చరిత్రకారులు చేసే పని ఇదే. మా అమ్మాయిలు దాన్ని ఆ పాఠంలో నేర్చుకున్నారు. పాఠం పెట్టినందుకు నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఆ భయం నాలోనే ఉండిందన్నమాట.

ఆరు నిమిషాల తప్పు

ఇప్పుడు నష్టం సంగతి.

మూడో పాఠం కిక్రి మీద. మూడు తంత్రుల కిక్రి వాయిస్తూ మన సగాల పుట్టుక చెప్పేది ప్రధాన్‌లు అని మీకు తెలుసు. రాతలేని కాలమంతా మన చరిత్రను మోసింది వాళ్ళే. నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతల సగాలు ఎలా వచ్చాయో, గుహలో చిక్కిన దేవతలను పహండి కుపార్ లింగు ఎలా విడిపించాడో వాళ్ళ గొంతులోనే బతికింది. ఒక పెద్దాయనను అడిగితే మా హాస్టల్‌కు వచ్చారు. దంపుడు రవికె లేని మంచి బియ్యం అన్నం పెడితే, "ముందు దేవుని మాట, తర్వాత అన్నం" అన్నారు. బస్తాల మధ్య కూర్చుని నలభై నిమిషాలు చెప్పారు. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

శిక్షణలో మాకు చెప్పింది ఒక పాఠం ఆరు నిమిషాలు దాటకూడదని. పిల్లల ధ్యాస నిలవదట. నేను నలభై నిమిషాలను ఆరు నిమిషాలకు కోశాను. పిల్లలకు కష్టమనిపించే పేర్ల వరసలు తీసేశాను. మళ్ళీ మళ్ళీ వచ్చే పల్లవిలాంటి భాగాలు తీసేశాను. కోర్సునూ, మొత్తం రికార్డింగులనూ ఒక ఉచిత వెబ్‌సైటులో పెట్టాం. ఫోనులో చోటు చాలక అసలు రికార్డింగును తుడిచేశాను. వెబ్‌సైటులో ఉంది కదా అనుకున్నాను.

మరుసటి ఏడాది ఎండాకాలంలో ఆ పెద్దాయన పోయారు. వాళ్ళ ఇంట్లో వినిపిద్దామని వెబ్‌సైటు తెరిస్తే మా ఖాతా లేదు. చాలాకాలం వాడని ఉచిత ఖాతాలను తీసేస్తామని వాళ్ళు మెయిల్ పంపారట, నేను చూసుకోలేదు. ఒక అమ్మాయి ఫోను మెమరీ కార్డులో పాఠం కాపీ మిగిలింది. ఆరు నిమిషాలు. మిగతా ముప్ఫై నాలుగు నిమిషాలు ఎక్కడా లేవు.

ఆరు నిమిషాలను వాళ్ళింట్లో వినిపించాం. ఆయన కొడుకు తల వంచుకుని విని, "పేర్లు రాలేదే మేడం" అన్నాడు. నేను కోసేసిన పేర్ల వరసలే ఆ కథకు వెన్నెముక. ఏ సగా ఏ ఊరినుంచి వచ్చిందో, ఎవరు ఎవరికి సోదరులో, ఎవరింటి పిల్లను ఎవరు చేసుకోవచ్చో అన్నీ ఆ పేర్లలోనే ఉన్నాయి. మళ్ళీ మళ్ళీ వచ్చే భాగాలు కథకుడు మరచిపోకుండా కట్టుకున్న దారులు. ధ్యాస నిలవదన్న సూత్రం నేను నమ్మాను. ఆరోజు బస్తాల మీద వరసగా కూర్చున్న పదిమంది అమ్మాయిలు నలభై నిమిషాలు కదలకుండా విన్నారు. అది నా కళ్ళముందే జరిగింది. నేను చూసినదాన్ని వదిలి విన్నదాన్ని నమ్మాను.

తరువాత లెక్క వేసి చూశాను. మాట మాత్రమే ఉన్న రికార్డింగును 64 కేబీపీఎస్ ఎంపీ3గా దాచితే నిమిషానికి అర ఎంబీ కూడా పట్టదు. నలభై నిమిషాల కథ మొత్తం 20 ఎంబీ లోపే. మా అమ్మాయిలు పంపుకునే ఒక పెళ్ళి వీడియోకన్నా తక్కువ. చోటు చాలదన్న నా కారణం కూడా నిజం కాదు.

మార్లవాయిలో జరిగిందీ ఇదేనని అప్పుడు అర్థమైంది. అక్కడ పాఠం మంచిది, దాన్ని నిలబెట్టిన గుంజ మాత్రం మనది కాదు. ప్రభుత్వం మారగానే గుంజ కదిలింది, వాచకాలు కిందపడ్డాయి. నేను కూడా మన కథను పరాయివాళ్ళ గుంజకు కట్టి నిద్రపోయాను.

మీరు చేయాల్సినది

కోర్సును మళ్ళీ కట్టుకున్నాం. ఇప్పుడు ఎనిమిది పాఠాలూ ఎంపీ3లుగా, బొమ్మలుగా, మామూలు ఫైళ్ళలో ఉన్నాయి. ఏ వెబ్‌సైటు లేకపోయినా నడుస్తాయి. బ్లూటూత్‌తో ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు వెళ్తాయి. ఒక కాపీ హాస్టల్ కంప్యూటర్లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి కథ చెప్పినవాళ్ళ ఇంట్లో. కథ చెప్పినవాళ్ళ ఇంట్లో కాపీ ఉండాలన్నది మా నియమం. వాళ్ళ మాట ముందు వాళ్ళది, తరువాతే పాఠం. మూడో పాఠం చివర ఆ పెద్దాయన కొడుకు తనకు గుర్తున్నన్ని పేర్లు చెప్పారు. తనకు రానిచోట ఆగి, "ఇక్కడ నాయన ఇంకా చెప్పేటోడు" అన్నారు. ఆ మాటను కోయలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ చేతుల్లో మాకు లేని పరికరాలు ఉన్నాయి. 1943లో మార్లవాయిలో అక్షరాలు దిద్దుకున్న యువకులు మీ వయసువాళ్ళే. వాళ్ళు నేర్చుకుని ఊళ్ళకు వెళ్ళి పలక పట్టించారు. ఈ దసరాకో, దండారి రోజుల్లోనో ఊరికి వెళ్ళినప్పుడు ఒక పెద్దమనిషి పక్కన కూర్చోండి. ఫోనులో రికార్డు నొక్కండి. ఎంతసేపు చెబితే అంతసేపు విననివ్వండి. ఎవరు చెప్పారో, ఏ ఊళ్ళోనో, ఏ రోజో మొదట్లోనే మీ గొంతుతో చెప్పండి. మూడు చోట్ల దాచండి, అందులో ఒకటి ఆ ఇంట్లోనే. కోతలు, బొమ్మలు, ప్రశ్నలు తరువాత చేసుకోవచ్చు. అసలు మాత్రం ముట్టుకోవద్దు.

మా హాస్టల్లో ఇప్పుడు రాత్రి లైట్లు ఆర్పాక గోండిలో గుసగుసలు వినిపిస్తే నేను తలుపు తట్టను. ఒక్కోసారి వరండాలో నిలబడి వింటాను. కొత్తగా వచ్చిన మూడో తరగతి పిల్లకు పెద్ద పిల్లలు లెక్క నేర్పుతుంటారు. ఉంది, రండ్, మూంద్.

రాం రాం.